ఉప్పు మడిలో చిట్టి రొయ్య - దాని వంశం ఎలా తెలిసింది?

సముద్రం ఒడ్డున రొయ్య పిల్లల హేచరీలు ఉన్నాయి. మన కోస్తాలో అవి చాలా చోట్ల ఉన్నాయి. అక్కడ పని చేసే వాళ్లకు ఒక డబ్బా బాగా తెలుసు. మూత తీస్తే అందులో గోధుమ రంగు పొడి ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే సన్న ఇసుకలా జారిపోతుంది. గసగసాల గింజ కన్నా కూడా చిన్న రేణువులు.

అది పొడి కాదు. గుడ్లు. ఒక్క గ్రాములో సుమారు 2 లక్షల నుంచి 3 లక్షల గుడ్లు ఉంటాయి!

ఈ గుడ్లను ఉప్పు నీళ్లలో వేస్తారు. గొట్టంతో గాలి పెడతారు. పైన లైటు వెలిగిస్తారు. దాదాపు ఒక రోజు గడిచేసరికి గుడ్లు పగులుతాయి. నారింజ రంగు చుక్కల్లాంటి పిల్లలు నీళ్లలో తిరుగుతుంటాయి. గాలి ఆపితే గుల్లలు పైకి తేలుతాయి. పిల్లలు కిందికి చేరతాయి. వాటిని కింది నుంచి గుడ్డ వలలోకి వడకట్టి, కడిగి, రొయ్య పిల్లలకు మేతగా వేస్తారు. రొయ్య పిల్ల చిన్నప్పుడు కదిలే మేతనే బాగా తింటుంది. దానికి ఇది అమ్మపాలు లాంటిది.

ఈ గుడ్ల ప్రాణి పేరు ఆర్టీమియా. హేచరీలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఈ పాఠంలో దాన్ని 'చిట్టి రొయ్య' అని కూడా అందాం. నిజానికి అది రొయ్య కాదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

చాలా కాలం పాటు డబ్బాల్లో వచ్చిన గుడ్లు చాలావరకు అమెరికా దేశం నుంచి వచ్చినవి. అక్కడ యూటా అనే రాష్ట్రంలో ఒక పెద్ద ఉప్పు సరస్సు ఉంది. 1950ల నుంచి ఆ సరస్సు మీద తేలే గుడ్లను తోడి, ఆరబెట్టి, డబ్బాల్లో నింపి అమ్ముతున్నారు. తర్వాత రష్యా, కజకస్తాన్, చైనా, వియత్నాం దేశాల నుంచి కూడా గుడ్లు రావడం మొదలైంది.

ఇక అసలు ప్రశ్న. మన దేశపు ఉప్పు మడుల్లోనూ ఈ ప్రాణి ఉంది. డబ్బాలు రాక ముందు నుంచే ఉంది. మరి ఆ చిట్టి రొయ్య, డబ్బాలో వచ్చిన చిట్టి రొయ్య ఒకే జాతివా? కాకపోతే వాటి మధ్య చుట్టరికం ఏమిటి? ఇది తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది.

ఎలా ఉంటుంది?

పెరిగిన చిట్టి రొయ్య పొడవు ఒక సెంటీమీటరు, అంటే చిటికెన వేలి గోరంత. ఒళ్లు గాజులా ఉంటుంది. లోపల ఏముందో బయటికి కనబడుతుంది. కాళ్లు 11 జతలు. ఆ కాళ్లు ఆకుల్లా ఉంటాయి. అవి అలల్లాగా ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. ఆ కాళ్లతోనే ఈదుతుంది, వాటితోనే గాలి పీల్చుకుంటుంది, వాటితోనే నీటిలోని పచ్చటి నాచు రేణువులను వడకట్టి తింటుంది. పైగా ఇది వెల్లకిలా ఈదుతుంది! వీపు కిందికి, కాళ్లు పైకి.

సముద్రపు నీళ్లకన్నా ఎన్నో రెట్లు ఉప్పగా ఉన్న నీళ్లలో ఇది బతుకుతుంది. అంత ఉప్పులో చేప బతకదు. అందుకే చిట్టి రొయ్యకు ఉప్పు మడి కోటలాంటిది. తినేవాళ్లు అక్కడికి రాలేరు, ఒక్క పక్షులు తప్ప.

మడి ఎండిపోయే కాలం వస్తుంది. అప్పుడు తల్లి పిల్లలను కనడం మానేస్తుంది. గట్టి గుల్ల ఉన్న గుడ్లు పెడుతుంది. తల్లి చచ్చిపోతుంది. గుడ్డులోని పిండం మాత్రం చావదు, పెరగదు. నిద్రపోయినట్టు ఏళ్ల తరబడి ఉంటుంది. నీళ్లు తగిలాక లేస్తుంది. డబ్బా వ్యాపారమంతా ఈ నిద్ర మీదే నడుస్తోంది.

రూపం చూసి చెప్పలేకపోయారు

పసిపిల్లను చూస్తే మనం ఏమంటాం? "అచ్చం మేనత్త పోలిక" అంటాం. "ముక్కు తాతది" అంటాం. పోలిక చూసి చుట్టరికం చెబుతాం. శాస్త్రజ్ఞులు కూడా చాలా కాలం అదే పని చేశారు.

1758లో స్వీడన్ దేశానికి చెందిన లినేయస్ ఈ ప్రాణికి శాస్త్రం పేరు పెట్టాడు. అంతకు ముందే ఇంగ్లండులో లిమింగ్టన్ అనే ఊరి ఉప్పు మడుల్లో దీన్ని చూసి బొమ్మ గీశారు. ఆ తర్వాత లోకంలో ఏ ఉప్పు మడిలో కనబడినా చాలామంది దీన్ని ఒకే పేరుతో పిలిచారు. ఆర్టీమియా సాలినా అన్నారు. ఇటలీలో ఉన్నా అదే. అమెరికాలో ఉన్నా అదే. తూత్తుకుడిలో ఉన్నా అదే. ఒకే రంగు చీర కట్టుకున్న వాళ్లంతా అక్కచెల్లెళ్లు అన్నట్టుగా ఉంది ఇది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. చిట్టి రొయ్య రూపం నీటిని బట్టి మారుతుంది. ఉప్పు తక్కువైతే ఒకలా, ఎక్కువైతే ఒకలా పెరుగుతుంది. తోక కొన దగ్గరి వెంట్రుకలు తగ్గిపోతాయి. 1870లలో ఒడెస్సా నగరం దగ్గర ష్మాంకెవిచ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు దీని మీద ప్రయోగాలు చేశాడు. నీళ్లలో ఉప్పు పెంచుతూ పోయాడు. ప్రాణుల తోక మారింది. ఒక జాతి ఇంకో జాతిగా మారిపోయిందని ఆయన రాశాడు. కానీ మారింది రూపమే. జాతి మారలేదు. ఎండలో పని చేస్తే మనిషి నల్లబడుతుంది. అంతమాత్రాన వేరే ఇంటి మనిషి అయిపోతుందా?

రూపం నీళ్లతో మారిపోతే, మరి దేన్ని నమ్మాలి? నీళ్లు మార్చలేని గుర్తు ఒకటి కావాలి. అది ప్రాణి లోపలే దొరికింది.

నాలుగు అక్షరాల రాత

మీరు అక్షరాలు నేర్చుకున్నారు. తెలుగులో అక్షరాలు యాభైకి పైనే. వాటికి గుణింతాలు, ఒత్తులు. ఎంత కష్టపడ్డారో మీకు తెలుసు.

ప్రతి ప్రాణి ఒంట్లోనూ ఒక రాత ఉంది. ఆ రాతలో అక్షరాలు నాలుగే. ఎ, టి, జి, సి. దీర్ఘాలు లేవు, ఒత్తులు లేవు. కానీ వాక్యం మాత్రం చాలా పొడుగు. కోట్ల అక్షరాలు ఒకే వరసలో ఉంటాయి.

ఆ రాత ఎక్కడ ఉంటుంది? మన ఒళ్లు కణాలతో కట్టిన ఇల్లు. ఇటుకలతో గోడ కట్టినట్టు. కణం కంటికి కనబడదు. ప్రతి కణంలోనూ చాలా సన్నని దారం లాంటిది చుట్టలు చుట్టుకుని ఉంటుంది. దాని పేరు డి.ఎన్.ఏ. ఆ దారం మీదే ఈ నాలుగు అక్షరాలు వరసగా ఉంటాయి. అందులో ఒక్కో పని గురించి రాసి ఉన్న ముక్కను జన్యువు అంటారు. కన్ను ఎలా ఉండాలి, కాలు ఎలా పెరగాలి అన్నది జన్యువుల్లో ఉంటుంది. ఇది నుదుటి రాత కాదు. పరికరాలతో చదవగలిగే రాత.

తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఈ రాత అందుతుంది. అందేటప్పుడు దానికి నకలు తయారవుతుంది. నకలు రాసేటప్పుడు అప్పుడప్పుడూ ఒక అక్షరం తప్పు పడుతుంది. ఆ తప్పు తర్వాతి తరానికి వెళ్లిపోతుంది. ఆ తరం నుంచి ఇంకో తరానికి. దిద్దే పంతులమ్మ లేదు. ఉన్నా అన్ని తప్పులూ దొరకవు.

ఈ తప్పులే చుట్టరికం చెబుతాయి. ఎలాగో ఒక నోటుపుస్తకంతో చూద్దాం.

ఒక ఊళ్లో ఒకామె దగ్గర ఒక పుస్తకం ఉంది. అందులో ఈ వాక్యం ఉంది:

చెరువు గట్టు మీద చింత చెట్టు ఉంది.

ఆ వాక్యాన్ని కొందరు చూసి రాసుకున్నారు. వాళ్లను చూసి ఇంకొందరు రాసుకున్నారు. అసలు పుస్తకం పోయింది. మిగిలినవి మూడే పుస్తకాలు.

మొదటి పుస్తకం: చెరుకు గట్టు మీద చింత చెట్టు ఉంది.

రెండో పుస్తకం: చెరుకు గట్టు మీద చింత చుట్టు ఉంది.

మూడో పుస్తకం: చెరువు గుట్ట మీద చింత చెట్టు ఉంది.

ఇప్పుడు చెప్పండి. ఏ రెండు పుస్తకాలు దగ్గరివి? మొదటిది, రెండోది. రెండింటిలోనూ 'చెరుకు' అన్న తప్పు ఉంది. ఇద్దరు మనుషులు విడివిడిగా అదే తప్పు చేయడం అరుదు. కాబట్టి ఒకరిని చూసి ఒకరు రాసి ఉండాలి. లేదా ఇద్దరూ 'చెరుకు' అన్న పుస్తకాన్నే చూసి రాసి ఉండాలి. మూడో పుస్తకం దారి వేరు. రాసిన వాళ్ల మొహాలు మనం చూడలేదు. పుస్తకాల వయసు తెలియదు. అయినా ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తప్పులు పట్టి ఇచ్చాయి.

చిట్టి రొయ్యల డి.ఎన్.ఏ.ని కూడా ఇలాగే చదువుతారు. ఈ వరసలు పాఠం కోసం కల్పించినవి. మీరే లెక్క పెట్టండి.

ఒకటో మడి: ఎ టి జి సి సి ఎ టి టి

రెండో మడి: ఎ టి జి సి సి ఎ టి సి

మూడో మడి: జి టి ఎ సి టి ఎ టి టి

ఒకటికీ రెండుకీ తేడా ఒక్క అక్షరం. ఒకటికీ మూడుకీ తేడా మూడు అక్షరాలు. రెండుకీ మూడుకీ నాలుగు. తేడా తక్కువగా ఉంటే దగ్గరి చుట్టం. వాళ్లు విడిపోయి తక్కువ కాలమే అయింది. తేడా ఎక్కువగా ఉంటే దూరపు చుట్టం. నిజం పనిలో ఎనిమిది అక్షరాలు సరిపోవు. వందలు, వేలు కావాలి. అప్పుడు లెక్కలు కంప్యూటరు చేస్తుంది. కానీ లెక్క ఇదే.

తల్లి నుంచి మాత్రమే వచ్చే రాత

కణం లోపల శక్తిని తయారు చేసే చిన్న చిన్న సంచులు ఉంటాయి. వాటిని మైటోకాండ్రియా అంటారు. వాటికి సొంతంగా కొంచెం డి.ఎన్.ఏ. ఉంటుంది. మామూలుగా అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. తండ్రి నుంచి రాదు. మనుషుల్లో అంతే, చిట్టి రొయ్యల్లోనూ అంతే.

మన ఇంటి పేరు తండ్రి వైపు నుంచి వస్తుంది. పెళ్లయితే ఆడపిల్ల ఇంటి పేరు మారుతుంది. నాలుగు తరాలు వెనక్కి వెళితే అమ్మమ్మ గారి అమ్మ ఇంటి పేరు చాలామందికి తెలియదు. కానీ ఈ రాతలో ఆమె పేరు చెరగలేదు. అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ - అలా ఒకే గీత మీద వెనక్కి వెళ్లవచ్చు.

2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్ట్, ఆయనతో పని చేసేవాళ్లు ఒక ఆలోచన చెప్పారు. ఈ తల్లి రాతలోంచి ఒక్క ముక్క, సుమారు 650 అక్షరాలు తీసుకుందాం. అన్ని జంతువుల్లోనూ అదే ముక్కను చదువుదాం. దుకాణంలో సబ్బు మీద నల్ల గీతలు ఉంటాయి కదా, ఏ వస్తువో గీతలే చెబుతాయి. ఈ ముక్క కూడా అలా జాతిని చెబుతుందని వాళ్లు అన్నారు. అన్ని చోట్లా ఇది పని చేయదు. కానీ చాలా చోట్ల బాగా పని చేసింది.

చిట్టి రొయ్యలో అంత చిన్న ఒంట్లో అక్షరాలు చదవడానికి సరుకు ఎక్కడిది? దానికి ఒక ఉపాయం ఉంది. 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు కేరీ మలిస్ కనిపెట్టాడు. కావలసిన డి.ఎన్.ఏ. ముక్కను జిరాక్స్ తీసినట్టు లక్షల నకళ్లు చేయవచ్చు. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఇలా ముప్పై సార్లు రెట్టింపు చేస్తే వంద కోట్లు దాటుతుంది. వడ్డీ వ్యాపారి లెక్కకన్నా వేగం! ఈ పనికి 1993లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు ఒక్క చిట్టి రొయ్య, అవసరమైతే ఒక్క గుడ్డు ఉన్నా చాలు.

వంశం చదివితే ఏం తేలింది?

ఒకే పేరుతో పిలిచినవి ఒకే జాతి కాదని తేలింది. జత కట్టించి చూసిన పాత ప్రయోగాల్లోనే కొంత తెలిసింది. డి.ఎన్.ఏ. దాన్ని గట్టి చేసింది.

దక్షిణ అమెరికాలో అర్జెంటీనా వైపు ఒక జాతి ఉంది. అది మిగతా అన్నిటికన్నా ముందు విడిపోయిన కొమ్మ. మధ్యధరా సముద్రం చుట్టూ ఇంకో జాతి. సాలినా అనే పేరు ఇప్పుడు దానికే మిగిలింది. అమెరికా ఉప్పు సరస్సులో, శాన్ ఫ్రాన్సిస్కో ఖాతం ఉప్పు మడుల్లో ఉన్నది వేరే జాతి. దాని పేరు ఫ్రాన్సిస్కానా. డబ్బాల్లో ఎక్కువగా వచ్చేది ఇదే. ఆసియాలో ఇరాన్ దేశపు ఉర్మియా సరస్సులో ఒకటి, చైనాలో ఒకటి, టిబెట్‌లో ఒకటి ఉన్నాయి.

వీటన్నిటితో పాటు ఇంకో గుంపు ఉంది. యూరప్‌లో, ఆసియాలో, ఆస్ట్రేలియాలో కనబడే గుంపు. అందులో మగవి లేవు. అన్నీ ఆడవే!

"మగ లేకుండా పిల్లలా?" అని అడగవచ్చు. అవును. తల్లి ఒక్కతే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి మళ్లీ ఆడపిల్లలే పుడతాయి. వాళ్లకూ మగ తోడు అక్కర్లేదు. ఎప్పుడో చాలా అరుదుగా ఒక మగది పుడుతుంది. గుంపు బతకడానికి దాని అవసరం లేదు. మన దేశంలో ఎప్పటినుంచో ఉన్నవి ఈ రకమే. తమిళనాడులో తూత్తుకుడి ఉప్పు మడుల్లో, గుజరాత్ తీరంలో, రాజస్థాన్‌లోని సాంబర్ ఉప్పు సరస్సులో ఇవే ఉండేవి.

మరి ఈ ఆడ గుంపు ఎక్కడి నుంచి వచ్చింది? తల్లి రాత చదివారు. ఈ గుంపులో చాలావాటి రాత ఆసియా జాతుల రాతకు చాలా దగ్గరగా ఉంది. ముఖ్యంగా ఉర్మియా సరస్సు జాతికి. అమెరికా జాతికి మాత్రం దూరం. అంటే మగ, ఆడ ఉన్న ఆసియా జాతుల నుంచి కొందరు తల్లులు ఎప్పుడో విడిపోయారు. మగ అవసరం లేని దారి పట్టారు. అది కూడా ఒకేసారి జరగలేదు. వేర్వేరు కాలాల్లో, ఒకటికి మించిన తల్లుల నుంచి ఈ వంశాలు పుట్టాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. తల్లి రాత తల్లి వైపు కథే చెబుతుంది. తండ్రి ఎవరో చెప్పదు. రెండు జాతులు కలిసి పిల్లలు పుడితే ఆ సంగతి దానిలో కనబడదు. అందుకని కణం మధ్యలో ఉండే పెద్ద రాతను కూడా చదువుతారు. అది ఇద్దరి నుంచీ వస్తుంది. రెండూ కలిపి చదివినప్పుడే నమ్మకం కుదురుతుంది. 2021లో అమెరికా జాతి చిట్టి రొయ్య మొత్తం రాతను చదివి అచ్చు వేశారు.

చీమకు చుట్టం

చిట్టి రొయ్య నిజానికి రొయ్య కాదని ముందే చెప్పుకున్నాం. రొయ్యలు, పీతలు, చిట్టి రొయ్యలు అన్నీ పెంకు ప్రాణుల పెద్ద కుటుంబం. చీమలు, దోమలు, సీతాకోకచిలుకలు పురుగుల కుటుంబం. వెనక రోజుల్లో వీటిని రెండు వేర్వేరు ఇళ్లు అనుకునేవారు.

జన్యువులను చదివాక ఆ గోడ కూలిపోయింది. 2010లో 75 రకాల కీళ్లకాళ్ల ప్రాణుల నుంచి 62 జన్యువులను పోల్చిన ఒక పెద్ద పరిశోధన వచ్చింది. పురుగులు పెంకు ప్రాణుల ఇంట్లోనే పుట్టిన కొమ్మ అని అది చెప్పింది. ఆ తర్వాత వచ్చిన పెద్ద పరిశోధనల్లో చాలావాటి ప్రకారం చిట్టి రొయ్య మన పళ్లెంలోని రొయ్యకన్నా చీమకే దగ్గరి చుట్టం! కంటికి ఇది ఎంత మాత్రం తోచదు. అక్షరాలు మాత్రం అలా చెబుతున్నాయి.

మన మడుల్లో ఏం జరిగింది?

ఇప్పుడు డబ్బా దగ్గరికి మళ్లీ వద్దాం.

హేచరీలో గుడ్లన్నీ పగలవు. కొన్ని మిగిలిపోతాయి. గుల్లలతో పాటు వాటిని కడిగి పారబోస్తారు. ఆ నీళ్లు కాల్వలో కలుస్తాయి. కాల్వ సముద్రంలోకి, పక్కనున్న ఉప్పు మడుల్లోకి పోతుంది. గాలి ఎండిన గుడ్లను ఎగరేస్తుంది. పక్షులు మింగిన గుడ్లు కడుపులో చావవు. రెట్టతో ఇంకో మడిలో పడతాయి. యూరప్‌లో ఉల్లంకి లాంటి ఒడ్డు పక్షుల రెట్టలను పరీక్షించి, బతికి ఉన్న గుడ్లను చూశారు. కొన్ని దేశాల్లో మనుషులే కావాలని వదిలారు. వియత్నాంలో 1980లలో శాన్ ఫ్రాన్సిస్కో గుడ్లు తెచ్చి ఉప్పు మడుల్లో పెంచారు. అక్కడి ఉప్పు రైతులకు దాని వల్ల ఆదాయం వచ్చింది. ఆ మాటా చెప్పుకోవాలి.

ఇలా అమెరికా జాతి ఖండాలు దాటింది. ఫ్రాన్సు, స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లోని ఉప్పు మడుల్లో కనబడింది. కనబడింది అంటే ముందు కళ్లకు కాదు. చూపుకు అన్నీ ఒకటే. అక్షరాలు చదివినప్పుడు బయటపడింది.

2012లో మన దేశపు శాస్త్రజ్ఞులు భారత ఉప్పు మడుగుల్లోని ఆర్టీమియా గురించి ఒక పరిశోధన అచ్చు వేశారు. రొయ్యల సాగు వెంట అమెరికా జాతి వచ్చి మన ఉప్పు మడుగుల్లో చేరిందని, ఇక్కడి పాత జాతులను తొలగించిందని అందులో ఉంది. ఎవరూ తరమలేదు. ఎవరూ చూడలేదు. ఒక ఇంట్లో వాళ్లు ఖాళీ చేసి, అచ్చం వాళ్లలాగే ఉన్న వేరే వాళ్లు చేరితే పొరుగువాళ్లు కనిపెట్టలేరు. ఇక్కడ జరిగింది అదే.

ఎలా గెలిచింది? ప్రయోగాల్లో రెండు రకాలను ఒకే తొట్టిలో పెట్టి చూశారు. అమెరికా జాతి త్వరగా పెరిగి ఎక్కువ పిల్లలను కన్నది. నాచు మేత ముందుగా అదే తినేసింది. కొన్ని తరాల్లోనే ఇంకోటి లేకుండా పోయింది.

మడిలో ఒక చిన్న గుర్తు ఉంది. అమెరికా జాతిలో మగవి ఉంటాయి. మగదానికి తల దగ్గర రెండు కొక్కేల లాంటివి ఉంటాయి. వాటితో ఆడదాన్ని పట్టుకుని జంటగా ఈదుతుంది. మన పాత రకంలో మగవి లేవు కాబట్టి జంటలు కనబడవు. జంటలు కనబడ్డాయంటే అనుమానించాలి. అయితే అది అనుమానమే. ఆడవాటిని పక్కపక్కన పెడితే ఏది ఏదో కన్ను చెప్పలేదు. తేల్చడానికి అక్షరాలే కావాలి.

పోతే ఏమైంది?

"ఒకటి పోయి ఇంకోటి వచ్చింది. రెండూ గోరంత ప్రాణులు. నష్టం ఏమిటి?" అని అడిగేవాళ్లు ఉంటారు. అడగవలసిన ప్రశ్నే.

ఉప్పు మడిలో చిట్టి రొయ్యకు పని ఉంది. నాచు ఎక్కువైతే నీళ్లు జిగటగా మారతాయి. ఉప్పు గింజ సరిగ్గా కట్టదు. చిట్టి రొయ్య ఆ నాచును తిని నీటిని తేటగా ఉంచుతుంది. నౌపడాలో అయినా చిన్నగంజాంలో అయినా ఉప్పు పండించే వాళ్లకు తేట నీళ్ల విలువ తెలుసు. రాజహంసల్లాంటి పక్షులకు అది తిండి. ఈ పనులు వచ్చిన జాతి కూడా చేయగలదు. నిజమే.

కానీ పాత వంశం మన ఎండకు, మన వానకు, మన మడుల ఉప్పుకు వేల తరాల నుంచి అలవాటు పడింది. దాని రాతలో ఆ అలవాటు ఉంది. ఒక మడిలో వందేళ్లకోసారి వచ్చే గడ్డు కాలాన్ని ఎవరు తట్టుకుంటారో ముందే చెప్పలేం. ఊళ్లో పాత రకం వరి విత్తనం పోయినప్పుడు జరిగే నష్టం లాంటిదే ఇది. కొత్త విత్తనం ఎక్కువ పండవచ్చు. పాతది మాత్రం మళ్లీ దుకాణంలో దొరకదు.

ఇంకో మాట. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి మాత్రమే నడిచిన వంశం అది. మధ్యలో తెగితే వేరే దారిలో తిరిగి రాదు.

ఇందులో తప్పు అమెరికా చిట్టి రొయ్యది కాదు. అది తన బతుకు తాను బతికింది. హేచరీ పనివాళ్లదీ కాదు. పారబోసే నీళ్లలో ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది డబ్బాలు తెప్పించిన వాళ్లు. మన చెరువుల్లో ఇప్పుడు ఎక్కువగా పెంచే వనామీ రొయ్య కూడా అమెరికా ఖండపు పసిఫిక్ తీరం నుంచి వచ్చిందే. 2009లో దాన్ని మన దేశంలో పెంచడానికి అనుమతి ఇచ్చారు. దానికి కాగితాలు, పరీక్షలు, నిబంధనలు ఉన్నాయి. దాని మేతగా వచ్చిన ప్రాణిని మాత్రం చాలా కాలం ఎవరూ ప్రాణిగా లెక్క పెట్టలేదు. మేత బస్తా లాగానే చూశారు.

హేచరీలో ఒక జాగ్రత్త తీసుకోవచ్చు. పగలని గుడ్లను, గుల్లలను కాల్వలో కడగకూడదు. వాటిని వడకట్టి, ఆరబెట్టి, కాల్చివేయాలి. గుడ్డ వలలో మిగిలిన చెంచాడు మడ్డిలో కూడా వేల గుడ్లు ఉంటాయి.

పోయిన వంశాలను గుర్తు పట్టడానికి పాత గుడ్లు పనికి వస్తాయి. బెల్జియం దేశంలో గెంట్ విశ్వవిద్యాలయం దగ్గర ఆర్టీమియా కోసం ఒక కేంద్రం ఉంది. లోకంలోని ఎన్నో ఉప్పు సరస్సుల నుంచి, మడుల నుంచి తెచ్చిన గుడ్లను అక్కడ దాచి ఉంచారు. ఒక్కో సీసా మీద ఊరి పేరు, ఏడాది రాసి ఉంటాయి. ఇప్పుడు మడిలో దొరికిన ప్రాణి అక్షరాలను, ముప్పై నలభై ఏళ్ల కిందటి గుడ్డు అక్షరాలతో పక్కపక్కన పెట్టి చదువుతారు. అప్పుడు ఎవరు పాతవాళ్లో, ఎవరు వచ్చినవాళ్లో తెలిసిపోతుంది. ఎండి, చల్లగా, సరిగ్గా దాచిన గుడ్లు కొన్ని ఇంకా బతికే ఉంటాయి. అలాంటి మగ లేని వంశపు గుడ్లను ఉప్పు నీళ్లలో వేసి గాలి పెడితే, మర్నాటికి నారింజ రంగు చుక్కలు తిరుగుతుంటాయి. అన్నీ ఆడపిల్లలే.